సిస్టర్ గొబ్నెట్ నేర్పిన నామవాచకం

అరవై ఆరేళ్ళ వయసులో ఐరిష్ భాష మొదలుపెట్టిన తెలుగుదాన్ని ఈ మలేషియా మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందుకు నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు. సరదాపడి నేర్చుకున్న చదువు కాదది. సిస్టర్ గొబ్నెట్‌కు మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ప్రతి మంగళవారం వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చునేది నేనే గనక ఆ బరువు నా నెత్తినే పడింది.

ఆవిడ నా చిన్ననాటి టీచరు. ఐర్లండుకు పడమట, గాల్వే ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న చిన్న దీవిలో పుట్టింది. ఇరవై నాలుగేళ్ళకు సన్యాసినిగా ఓడెక్కి వచ్చి, ఇక్కడే ఎనభై ఆరేళ్ళదయింది. కాన్వెంటులో చేరిన రోజు ఆ పేరు వినగానే నేనూ మా చెల్లెలు సుగంధీ ఆవిడకు గొబ్బెమ్మ అని పేరు పెట్టేసి, దుప్పటి కింద పడీపడీ నవ్వుకున్నాం. ఇప్పుడు నేనుండే జార్జ్ టౌన్‌లోనే నన్‌లుండే ఇంట్లో ఐర్లండు మనిషి ఆవిడొక్కతే. కిందటేడు తుంటి విరిగాక, ఆవిణ్ణి గాల్వేలో ముసలి సన్యాసినులుండే ఇంటికి పంపించెయ్యాలని పెద్దవాళ్ళు తేల్చారు. టికెట్టు కూడా తీశారు. ఇంకా ఐదు మంగళవారాలున్నాయనగా నాకీ చదువు మొదలైంది.

వెళ్ళిపోయే మనిషికి పాఠాలెందుకంటే, ఆవిడకు భయం పట్టుకుంది. ఆ దీవిలో ఇప్పటికీ ఐరిషే మాట్లాడుకుంటారట. మేనకోడలు వారం వారం ఫోన్ చేసి ఐరిష్‌లోనే పలకరిస్తుంది, ఈవిడ ఇంగ్లీషులో జవాబిస్తుంది. అరవై రెండేళ్ళుగా వాడని మాటలు నోటికి రావడం లేదు. తప్పు మాట్లాడితే చిన్నవాళ్ళు నవ్వుతారని సిగ్గు. మేనకోడలేమో అత్తకు గర్వం అనుకుంటోందట. వెళ్ళేలోగా నోరు తిరగాలి, అందుకు ఎదురుగా వినేవాళ్ళు ఒకరుండాలి. సరే, నేను వింటానన్నాను.

నాకూ లోపల ఒక కారణం ఉంది, చెప్పేస్తాను. మా ఆయన పోయి నాలుగేళ్ళు. ఆయనతో పాటే మా ఇంట్లో తెలుగూ పోయింది. మా అబ్బాయి ప్రవీన్‌కు తెలుగులో తిట్లు తప్ప ఇంకేమీ రావు, అవి కూడా నా దగ్గర నేర్చుకున్నవే. బజారుకెళ్తే చేపల కణ్ణన్‌తో తమిళం, బ్యాంకులో మలాయ్, ఇంట్లో ఇంగ్లీషు. పొద్దున లేచి 'ఏటి తింతావు' అని ఎవరినైనా అడగాలని ప్రాణం కొట్టుకుంటుంది. అడిగినా తిరిగి జవాబు చెప్పేవాళ్ళుండరు.

నాతో మా అమ్మ తెలుగు మాట్లాడగల మనిషి ప్రపంచంలో ఒక్కతే మిగిలింది, పోర్ట్ క్లాంగ్‌లో ఉన్న మా సుగంధి. అది నాతో తెలుగు మాట్లాడటం మానేసి యాభై ఆరేళ్ళయింది. మా మధ్య గొడవలేమీ లేవు. పెళ్ళిళ్ళకు కలుస్తాం, దీపావళికి కలుస్తాం. నేను ఫోన్లో తెలుగులో మొదలుపెడతాను, అది ఇంగ్లీషులో ముగిస్తుంది. అక్కా అనదు, శాంతా అంటుంది. దాని నోటి నుంచి ఒక్క తెలుగు వాక్యం వింటే చాలు, ఇక నాకే కోరికా లేదు. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. తెలుసన్న సంగతి దానితో ఎన్నడూ అనలేకపోయాను.

ఇక పాఠాల సంగతి. ఐరిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉండి తీరాలి. బల్ల మగది, కుర్చీ ఆడది. ఆడపిల్ల అనే మాట మాత్రం మగది. ఇదెక్కడి అన్యాయం సిస్టర్ అంటే, నేను పెట్టానా అంది. మా భాషలో ఆడమనిషి వచ్చినా ఆవు వచ్చినా 'వచ్చింది' అనే అంటామని చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. వారానికి పది మాటలు ఇచ్చేది. నేను ఏడు మరిచిపోయి వెళ్ళేదాన్ని. ఆవిడ విసుక్కునేది, నేనూ విసుక్కునేదాన్ని. చిన్నప్పుడంటే నోరెత్తడానికి లేదు గానీ ఇప్పుడు నాకేం భయం.

నాలుగో మంగళవారం పది మాటలు లేవు. కాగితం మీద ఒక్కటే రాసి ఇచ్చింది. సి, యు, ఎమ్, హెచ్, ఎ. ఐదక్షరాలు రాసి, 'కూఅ' అని పలకమంది. మధ్యలో ఎమ్ ఎటు పోయిందని అడిగాను. పక్కన హెచ్ చేరితే అది మెత్తబడి మెత్తబడి ఒట్టి ఊపిరైపోతుందట. పాత రాతల్లో 'కుమా' అని ఉండేదట, అప్పట్లో దుఃఖమని అర్థం. అంతకు ముందు ఎక్కడ పుట్టిందో పండితులు తలో మాటా చెబుతారు, ఎవరినీ నమ్మొద్దని వాళ్ళ నాన్న అనేవాడట. స్కాట్లండులో అదే మాటకు, పోయినవాళ్ళ కోసం తిత్తి వాద్యం మీద ఏడుస్తున్నట్టు వాయించే పాట అనే అర్థం కూడా ఉంది. వాళ్ళ దీవిలో మాత్రం అది ఎక్కువగా బతికున్నవాళ్ళ గురించే. విడిచి వచ్చిన ఇల్లు, దూరమైన మనిషి, వాటి కోసం లోపల పీకుతూ ఉండేది కూఅ. ఇంగ్లీషులో ఇందుకు సరిపడే మాట లేదు, ఒంటరితనం వేరు, ఇది వేరు అంది.

మాకుంది సిస్టర్, బెంగ అంటాం అన్నాను. బెంగ, బెంగ అని రెండుసార్లు నోట్లో వేసుకుని చూసింది. మగదా ఆడదా అని అడిగింది. మా బెంగకు ఆ తేడా లేదన్నాను. వాళ్ళది పుస్తకాల్లో పుంలింగమట. బహువచనం మాత్రం ఆవిడ ఎవరి నోటా వినలేదట. మా దాన్నీ ఒకటీ రెండూ అని ఎవరూ అనుకోరు, ఉంటే ఉన్నట్టే అన్నాను. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ వెంటనే కుదిరింది.

తర్వాత దాన్ని వాక్యంలో ఎలా పెట్టాలో చెప్పింది. నేను బెంగపడ్డాను అని మనిషి చేసిన పనిలాగా చెప్పరట. అది పైనుంచి వచ్చి మనిషి మీద కూర్చుంటుంది. 'తా కూఅ ఒరమ్' అంటే నా మీద బెంగ ఉంది అని. ఒర్ట్ అంటే నీ మీద, ఉర్హి అంటే ఆమె మీద. ఎవరి కోసమో చెప్పాలంటే వాళ్ళ 'వెనక' అనాలి. నువ్వు వెళ్ళిపోయావు, నీ వెనక నా మీద ఇది మిగిలింది అని భావం. మేం తిరగేసి చెబుతాం, మాకు నీ మీద బెంగ అంటాం అన్నాను. మీ బెంగ వెళ్ళిపోయినవాళ్ళ మీద పడుతుందా, పడితే వాళ్ళకు తెలుస్తుందా అని ఆవిడ అడిగింది. తెలిస్తే మా సుగంధి ఎప్పుడో పలికేదని మనసులో అనుకున్నాను.

అభ్యాసానికి ఒక వాక్యం ఇచ్చింది. చిన్నపిల్లకు వాళ్ళమ్మ మీద బెంగగా ఉంది, ఐరిష్‌లో చెప్పమంది. తా కూఅ ఉర్హి, అన్నాను. అక్కడితో ఆగిపోయాను. మరిచిపోయాననుకుని ఆవిడ తర్వాతి మాట అందిస్తోంది. మరుపు కాదది. ఆ చిన్నపిల్ల నాకు కనబడుతోంది, ఏడేళ్ళది, కాన్వెంటు మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"సిస్టర్, మీకు బిళ్ళ గుర్తుందా?" అని అడిగాను.

గుర్తుందన్నట్టు తలూపింది. మిగతాదంతా నేను చెప్పాను.

మా నాన్న వెంకటరావు హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో గుమాస్తా. ఆడపిల్లలు ఇంగ్లీషు చదవాలని పంతం పట్టి మమ్మల్ని కాన్వెంటు హాస్టల్లో వేశాడు. నాకు పది, సుగంధికి ఏడు. అక్కడ ఇంగ్లీషు తప్ప మరో మాట నోట వచ్చిందా, సిస్టర్ గొబ్నెట్ ఒక చెక్కబిళ్ళ చేతిలో పెట్టేది. ఇంకో పిల్ల అలాగే మాట్లాడుతుంటే పట్టుకుని బిళ్ళ ఆ పిల్లకు ఇచ్చెయ్యొచ్చు. శుక్రవారం సాయంత్రం గంట కొట్టేసరికి అది ఎవరి దగ్గరుంటే, వాళ్ళు శనివారం తమను చూడవచ్చిన వాళ్ళ కోసం కిందికి దిగకూడదు. అందుకని చైనా పిల్లలూ తమిళ పిల్లలూ మేమూ అందరం ఒకరి వెనక ఒకరం చెవులు రిక్కించుకుని తిరిగేవాళ్ళం.

ఆ శుక్రవారం బిళ్ళ నా దగ్గరుంది. మర్నాడు మా అమ్మ పోలమ్మ రెండు బస్సులు మారి కొబ్బరుండలు పట్టుకుని వస్తుంది. నెలకొక్కసారే రానిస్తారు. గంటకు ఇంకా పది నిమిషాలుంది, పిల్లలందరూ నోళ్ళు కట్టేసుకుని తిరుగుతున్నారు. సుగంధి నీళ్ళ తొట్టి పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. తల నిమిరి, మా అమ్మ ఎలా అడుగుతుందో అలాగే అడిగాను.

"బువ్వ తిన్నావేటే?"

"నేదక్కా. నాకు అమ్మ కావాల," అంది.

బిళ్ళ దాని అరచేతిలో పెట్టాను. అది కాసేపు బిళ్ళను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

మర్నాడు అమ్మ వచ్చింది. సుగంధి ఏదే అని అడిగింది. జ్వరమొచ్చి పడుకుంది, పైకి ఎవర్నీ రానివ్వరని చెప్పాను, నిజం చెబితే తిడుతుందని భయం. అమ్మ నా నోట్లో కొబ్బరుండ పెట్టి ఏదో హాస్యమాడితే నవ్వాను కూడా. తలెత్తి చూస్తే మేడ మీద కిటికీలో సుగంధి కనబడింది. ఆ రోజు నుంచి అది నాతో తెలుగు మాట్లాడలేదు. అమ్మతో కూడా మానేసింది. సెలవులకు ఇంటికెళ్తే అమ్మ తెలుగులో అడిగేది, అది ఎస్టేటు తమిళంలో జవాబు చెప్పేది. పొరుగోళ్ళతో మాట్లాడినట్టు నా బిడ్డ నాతో మాట్లాడుతుందని అమ్మ చివరిదాకా కుమిలిపోయింది.

ఇన్నేళ్ళూ ఈ పాపం గొబ్బెమ్మదేనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మంగళవారాలు వెళ్ళడంలో కూడా, ఏదో ఒక రోజు ఆవిడ ముఖం మీద ఈ మాట అనెయ్యాలనే కక్ష కొంత ఉంది. ఆ రోజు అన్నాను. అంటూ ఉంటే బిళ్ళ ఆవిడదే గానీ దాన్ని చెల్లెలి చేతిలో పెట్టింది నేనేనని నా చెవులకే వినబడింది. సిస్టర్ అలసిపోయానంది, గదిలోకి తీసుకెళ్ళమంది.

ఐదో మంగళవారం ఆవిడ పుస్తకం తెరవలేదు. వాళ్ళ తాతకు చిన్నప్పుడు బళ్ళో మెడకు కర్ర కట్టేవాళ్ళట. ఐరిష్ మాట నోట వచ్చినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, సాయంత్రం ఎన్ని గాట్లుంటే అన్ని దెబ్బలు కొట్టేవాళ్ళు. తాత ఆ కథ నవ్వుతూ చెప్పేవాడట. ఆ దెబ్బలతోనే మనకు ఇంగ్లీషొచ్చింది, ఇంగ్లీషుతోనే కూడు దొరికింది అనేవాడట. మీకూ కూడు దొరకాలనే చేశాను, దెబ్బలు లేకుండా ఒట్టి బిళ్ళతో సరిపెట్టానని గొప్ప కూడా పడ్డాను అంది. నాకు ఒళ్ళు మండింది. సంచీ తీసుకుని లేచాను. అప్పుడావిడ నా చెయ్యి పట్టుకుంది.

"నేను తప్పు చేశాను శాంతా. నీ చెల్లెలికీ ఈ మాట చెప్పాలి, కానీ నేనిక అంతదూరం రాలేను. నువ్వు చెప్పాల్సింది నువ్వయినా వెళ్ళి చెప్పు."

గురువారం ఆవిడ విమానం. ఎయిర్‌పోర్టుకు వస్తానంటే వద్దంది. ఆ రోజు నువ్వు పోర్ట్ క్లాంగ్ వెళ్ళాలి, వెళ్తానని మాటివ్వు అంది. ఇచ్చాను. అప్పటికప్పుడు మేనకోడలికి ఫోన్ కలిపించుకుని, నా ఎదురుగానే ఐరిష్‌లో మాట్లాడింది. మధ్యలో ఆగింది, వెతుక్కుంది, మళ్ళీ ఆగింది. అవతల నుంచి నవ్వు వినబడింది. ఈవిడ కూడా నవ్వింది. నాకు అర్థమైనవి రెండు మూడు మాటలే. అయినా ఆవిడ నోరు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను, నాకు అసూయగా ఉంది. ఆవిడకు అవతల జవాబు చెప్పే మనిషి ఉంది.

గురువారం ఫెర్రీ దాటి బటర్‌వర్త్‌లో రైలెక్కాను. కౌలాలంపూర్‌లో మారి, మధ్యాహ్నం మూడింటికి పోర్ట్ క్లాంగ్ చేరాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో వల్లించుకుంటూనే ఉన్నాను. స్టేషను బయట కంటైనర్ లారీల మోతలో నిలబడేసరికి ఒక్క ముక్కా గుర్తులేదు. వెనక్కి వెళ్ళే రైలు ఎన్నింటికో కూడా చూశాను, సిగ్గులేకుండా. సిస్టర్ విమానం అప్పటికి లేచిపోయి ఉంటుంది, ఇక ఈ మాట చెప్పడానికి నా బదులు ఎవరూ లేరు.

సుగంధి వంటింట్లో ఎండు నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. వాళ్ళాయన తమిళాయన, ముందు గదిలో టీవీ ఎదురుగా నిద్రపోతున్నాడు. ఫోన్ చెయ్యకుండా వచ్చావేంటి శాంతా అని ఇంగ్లీషులో అడిగి, కొన్ని నెత్తళ్ళు నా ముందుకు కూడా తోసింది. నేనూ గిల్లడం మొదలుపెట్టాను. తల వంచుకుని తెలుగులోనే చెప్పాను.

"కాన్వెంటులో ఆ దినం నీను నిన్ను కావాలనే మాటాడించినాను. బిళ్ళ నీకిచ్చీడానికి. మర్నాడు అమ్మ నీ కోసరం అడిగినాది. జొరమొచ్చినాదని నీనే అబద్ధం సెప్పినాను."

దాని చెయ్యి ఆగింది. బిళ్ళ ఎందుకిచ్చానో దానికి అప్పుడే తెలుసట. తెలియనిది రెండో సంగతి. అమ్మ నా కోసం అడిగిందా అని ఇంగ్లీషులో, చాలా చిన్నగా అంది. అడిగింది, ఒకసారి కాదు, బస్సెక్కేదాకా అడుగుతూనే ఉందని చెప్పాను. సుగంధి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి చూస్తే అమ్మ నాకు తినిపిస్తూ నవ్వుతోందట, ఒక్కసారైనా పైకి చూడలేదట. తాను రాలేదన్న ధ్యాసే అమ్మకు లేదనుకుంది. ఆ కోపంతోనే అమ్మ మాట మానేసింది. మరి తర్వాతైనా ఎందుకు మాట్లాడలేదే అని అడిగాను. అది ఇంగ్లీషులోనే చెప్పింది.

"కోపం రెండు మూడేళ్ళలోనే పోయింది. మాట్లాడదామని నోరు తెరిస్తే తమిళం వచ్చింది. వెతికితే తెలుగు దొరకలేదు. అమ్మ మాటే రావడం లేదని అమ్మకు ఎలా చెప్పను? సిగ్గేసి ఊరుకున్నాను. మీరంతా కోపమనుకున్నారు."

నువ్వనేది ప్రతి మాటా నాకిప్పటికీ అర్థమవుతుంది, తిరిగి ఇవ్వడానికే నా దగ్గరేమీ లేదు అంది. అది నన్ను శిక్షిస్తోందని నేను యాభై ఆరేళ్ళు అనుకున్నాను. నేను వినాలని ఎదురుచూసిన ఆ ఒక్క వాక్యం దాని దగ్గర ఎప్పుడో లేకుండా పోయింది. నాకు దుఃఖం ఆగలేదు. అదే వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. అమ్మ చివర్లో నా గురించి ఏమైనా అందా అని అడిగింది.

చెప్పాలా వద్దా అని తడబడ్డాను. మళ్ళీ అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. ఆసుపత్రి మంచం మీద అమ్మ నా చెయ్యి పట్టుకుని, "సుగందికి నా మీద కోపం పోనాదేటే?" అని అడిగింది. పోయిందమ్మా అన్నాను. అమ్మ నమ్మలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

సుగంధి లేచి సబ్బుతో రెండు చేతులూ కడుక్కుంది. దేవుడి అలమర పక్కన అమ్మ ఫోటో ఉంది, అక్కడికి వెళ్ళి నిలబడింది. నాకు కోపం లేదని అమ్మకు చెప్పాలి, అమ్మ మాటలోనే చెప్పాలి, ఎలా అనాలో నేర్పు అని అడిగింది.

"నాకు నీ మీద కోపం నేదమ్మా," అని పక్కన నిలబడి చెప్పాను.

మొదటిసారి కోపం దగ్గర నోరు తమిళంలోకి జారింది. రెండోసారి 'నీ మీద' మరిచిపోయింది. మూడోసారి మొత్తం వచ్చింది. వచ్చాక ఇక ఆపలేదు, ఏడేళ్ళ పిల్ల గొంతుతో ఫోటో వైపు చూస్తూ అదే మాట అంటూనే ఉంది. అప్పటికి అమ్మ పోయి పందొమ్మిదేళ్ళు.